పెట్ సీటీనా, పెట్ ఎమ్మారైనా?

“డాక్టరుగారు పెట్ సీటీ రాశారు. దానికంటే పెట్ ఎమ్మారై మంచిదట కదా, అప్పు చేసైనా అదే తీయించమంటారా?” ఈ ప్రశ్న ఈమధ్య మా దగ్గరికి తరచుగా వస్తోంది. యునాని శీర్షికలో స్కానింగుల గొడవ ఎందుకని మీకు అనిపించవచ్చు. కడుపులో గడ్డ తగిలినా, ముట్లుడిగిన తర్వాత మళ్లీ రక్తం కనిపించినా ముందు హకీం దగ్గరికి వచ్చేవారు మనలో ఇంకా ఉన్నారు. అందుకే ఈ మాట మేమే చెప్పాలి.

యునానిలో రోగ నిర్ధారణకు నబ్జ్ అంటే నాడి, తర్వాత మూత్రం, మలం చూస్తాం. మనిషి మిజాజ్ తెలుసుకోవడానికి అవి ఉపయోగపడతాయి. అండాశయం మీద గడ్డ ఉందో లేదో, అది కాలేయానికి పాకిందో లేదో నాడి చెప్పదు. చెబుతుందనే హకీమును మీరు నమ్మవద్దు. క్యాన్సరును మా గ్రంథాలు సర్తాన్ అంటాయి, అంటే ఎండ్రకాయ. వెయ్యేళ్ల కిందట ఇబ్న్ సీనా తన ‘అల్ ఖానూన్’లో, కోసి తీసేటప్పుడు రోగమున్న భాగాన్ని ఏమీ మిగల్చకుండా తీసివేయాలని రాశాడు. ఎక్కడి వరకు ఉందో తెలియకుండా మొత్తం తీయడం ఎలా? ఆ హద్దు చూపించే పని ఇవాళ స్కానింగ్ చేస్తోంది.

పెట్ స్కానుకు ముందు కొద్దిపాటి రేడియోధార్మికత కలిపిన గ్లూకోజును నరంలోకి ఎక్కిస్తారు. క్యాన్సర్ కణాలు చక్కెరను ఆబగా లాక్కుంటాయి కాబట్టి అవి ఉన్నచోట పటం మీద మెరుస్తుంది. అయితే ఆ మెరుపు పేగులోదా, పక్కనున్న లింఫ్ గ్రంథిలోదా అన్నది పెట్ ఒక్కటే తేల్చలేదు. దానికి శరీర నిర్మాణం చూపే మరో పటం జోడించాలి. సీటీని జోడిస్తే పెట్ సీటీ. దీన్ని 2000లో ‘టైమ్’ పత్రిక ఆ ఏటి మేటి ఆవిష్కరణల్లో ఒకటిగా ఎంచింది. ఎమ్మారైని జోడించి ఒకేసారి ఒళ్లంతా తీసే యంత్రాలు 2010 తర్వాత ఆసుపత్రుల్లోకి వచ్చాయి. మన దేశంలో అవి ఇప్పటికీ కొన్ని పెద్ద నగరాలకే పరిమితం, ఖర్చూ ఎక్కువే.

మరి ఏది మంచిది? రోగం ఎక్కడుంది, ఏం తెలియాలి అన్నదాన్నిబట్టి ఉంటుంది. పొత్తికడుపు కింది భాగంలో, అంటే గర్భాశయం, మలాశయం, ప్రొస్టేట్ ఉన్నచోట, మెత్తని కండరాల మధ్య గీత గీసినట్లు తేడా చూపడంలో ఎమ్మారైదే పైచేయి. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సర్ పక్క కణజాలంలోకి దిగిందా అన్నది చాలా ముఖ్యం. దిగకుండా చిన్నదిగా ఉంటే ఆపరేషన్‌కు వీలుంటుంది, దిగితే సాధారణంగా రేడియేషన్, కీమో దారి. అది సీటీలో సరిగా తెలియదు. కాలేయంలోని చిన్న మచ్చలకూ ఎమ్మారై మేలు. కానీ ఊపిరితిత్తుల్లోకి పాకిన సన్నని గింజల్లాంటి గడ్డలను సీటీ పట్టినంత బాగా ఎమ్మారై పట్టదు. పైగా పెట్ సీటీ అరగంటలోపు అయిపోతే, పెట్ ఎమ్మారైలో సుమారు గంటసేపు సన్నని గొట్టంలో కదలకుండా పడుకోవాలి. పేస్‌మేకర్ ఉన్నవారికి అందరికీ కుదరదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఎక్కువమందికి పెట్ సీటీ, అవసరమైతే పొత్తికడుపుకు మాత్రం విడిగా ఒక ఎమ్మారై, ఈ రెండూ కలిస్తే చాలు. రెండు రోజులు తిరగాల్సి వస్తుంది, అంతే తేడా. పదేపదే స్కాన్లు తప్పని పిల్లలకు, చిన్న వయసువారికి మాత్రం పెట్ ఎమ్మారై వల్ల సీటీ రేడియేషన్ తప్పుతుంది, అది నిజమైన లాభమే. ఇక పెద్దపేగు క్యాన్సర్‌లో మొదట్లో మామూలు కాంట్రాస్టు సీటీతోనే సాధారణంగా పని జరుగుతుంది. రాయని స్కాన్ అడిగి తీయించుకోవద్దు.

మెరిసిందల్లా క్యాన్సర్ కాదని కూడా మీరు గుర్తుంచుకోవాలి. మన దేశంలో క్షయ ఎక్కువ. కడుపు క్షయలో నీరు చేరుతుంది, సీఏ 125 పెరుగుతుంది, పెట్‌లోనూ మెరుస్తుంది, అచ్చం అండాశయ క్యాన్సర్‌లాగే. క్షయ అయితే మందులతో నయమవుతుంది. అందుకని ముక్క తీసి పరీక్షించకుండా ఏ యంత్రం మాటా ఆఖరి మాట కాదు. మెరవనిదల్లా మంచిదీ కాదు. చాలా ప్రొస్టేట్ క్యాన్సర్లు, కొన్ని కాలేయ క్యాన్సర్లు గ్లూకోజును అంతగా తీసుకోవు. ప్రొస్టేట్‌కు పీఎస్ఎంఏ అనే వేరే సూదిమందు ఉంది. యంత్రం పేరు అడిగేవారు సూది పేరు అడగరు, అడగవలసింది అదే.

ఇక యునాని మందులు వాడేవారికి ప్రత్యేకంగా ఒక మాట. మాజూన్, జవారిష్, ఖమీరా, ఇత్రీఫల్, షర్బత్ ఇవన్నీ తేనెలోనో చక్కెర పాకంలోనో చేసినవే. గ్లూకోజు పెట్‌కు ముందు సుమారు ఆరు గంటలు మంచినీళ్లు తప్ప ఏదీ తీసుకోకూడదు. ఒక్క చెంచా ఖమీరాతో ఏమవుతుందని నాకితే పటం చెడుతుంది, డబ్బూ పోతుంది. (ఒక్క ఖర్జూరమే కదా అనేవారూ ఉన్నారు!) షుగర్ మందు మెట్‌ఫార్మిన్ వల్ల పేగులు మెరిసి అసలు గడ్డను కప్పేయవచ్చు. అలాగని మీరే మానేయకండి, స్కానింగ్ కేంద్రంలో అడగండి. కుష్తాలు, పొడులు ఏవి వాడుతున్నా దాచకుండా చెప్పండి. కాంట్రాస్టు ఎక్కించే ముందు మూత్రపిండాల పరీక్ష, అంటే క్రియాటినిన్, చూపించండి. ఆ గ్లూకోజు మూత్రంలో దిగి మూత్రాశయం కూడా మెరుస్తుంది కాబట్టి బల్ల ఎక్కేముందు తప్పక మూత్రానికి వెళ్లిరండి.

ఖర్చు సంగతి. రేషన్ కార్డు కర్ణాటకలోనో తమిళనాడులోనో ఉన్నవారు హైదరాబాదు చుట్టాలింట్లో దిగి ఆరోగ్యశ్రీ అడిగితే కుదరదు. కార్డు ఏ రాష్ట్రానిదో ఆ రాష్ట్ర పథకం గురించే ముందు విచారించండి. బెంగళూరు కిద్వాయి, చెన్నై అడయారు, ముంబయి టాటా లాంటి క్యాన్సర్ ఆసుపత్రుల్లో మొదట డాక్టరుకు చూపించి, ఆయన రాసిన తర్వాతే స్కాన్‌కు వెళ్లండి.

స్కాన్ అయ్యాక నీళ్లు బాగా తాగండి. ఆ గ్లూకోజు రేడియోధార్మికత ప్రతి 110 నిమిషాలకు సగమవుతుంది, కాబట్టి ఆ పూట గర్భిణులకు, పసిపిల్లలకు దూరంగా ఉంటే చాలు. రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోక సీడీ కూడా అడిగి తీసుకోండి. చికిత్స తర్వాత తీసే రెండో స్కాన్‌ను దానితోనే పోల్చి చూస్తారు, వీలైతే అదీ అదే యంత్రం మీద తీయించుకోండి.