అట్టముక్కల దొంతర



ఈ నెల ముందుగా ఒక ఆట చెబుతాను. తరువాత ఒక యంత్రం సంగతి చెబుతాను.

ఇంట్లో పాత శుభలేఖలుంటే తెచ్చి, పోస్టుకార్డంత ముక్కలుగా కత్తిరించండి. మొదటి ముక్కమీద "బొర్రా గుహలు" అని పేరు పెట్టి, బొమ్మ వేసి, మీకు తెలిసిన నాలుగు మాటలు రాయండి. ఆ గుహలలోంచి గోస్తనీ నది పారుతుంది గదా! "గోస్తని" అన్న మాటకు సున్నా చుట్టి, పక్కన 2 అని వేయండి. రెండో ముక్క నది గురించి. అది భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది కనుక, ఆ ఊరి పేరుకు సున్నా చుట్టి 3 వేయండి. గుహలకు రైలులో పోవచ్చును. కాబట్టి మొదటి ముక్కమీదే "రైలు" అన్న మాటకు 4 వేయండి. కొత్తవలస నుంచి కిరండూల్ పోయే ఆ రైలుదారిని బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు దించడానికి 1960లలో వేశారు. అదే దారిలో అరకు వస్తుంది. అరకు అంటే కాఫీ తోటలు. అది 5.

ఈ ఆట మా అరకులో, మా ఇంటి అరుగుమీద ఆడించాను. ఒక పిల్లవాడు రైలెక్కి కాఫీ తోటలకు పోయాడు. వాడి పక్కనున్న పిల్ల నదిని పట్టుకుని సముద్రానికి దిగిపోయింది. పుస్తకమైతే అందరూ మొదటి పుటనుంచి చివరిదాకా ఒకే బాటన నడవాలి. ఇక్కడ ఎవరి బాట వారిది. మన కొండల్లో కాలిబాటలు లేవూ? సంతకు పోయేవాడికి ఒకటి, ఏటికి పోయేవాడికి మరొకటి!

ఇట్లా పలు దారుల్లో చదివే రాతకు అమెరికాలో టెడ్ నెల్సన్ అనే ఆయన 1965లో "హైపర్‌టెక్స్ట్" అని పేరు పెట్టాడు. రాతతోపాటు బొమ్మలూ, ధ్వనులూ కలిస్తే అది "హైపర్‌మీడియా". పేరు నోరు తిరగదు గాని, సంగతి మీ చేతిలోని అట్టముక్కలే.

ఇక యంత్రం. 1980లలో ఇళ్ళలో పెట్టుకునే చిన్న కంప్యూటర్లు వచ్చాయి. వాటిలో ఆపిల్ కంపెనీవారి మెకింటోష్ ఒకటి. దానికోసం బిల్ అట్కిన్సన్ అనే ఆయన "హైపర్‌కార్డ్" అనే సాధనాన్ని తయారుచేశాడు. ప్రతి కొత్త మెకింటోష్‌తోనూ దాన్ని ఉచితంగా ఇవ్వాలని షరతు పెట్టి మరీ కంపెనీకి ఇచ్చాడు. అది 1987 ఆగస్టులో బయటికి వచ్చింది. తెరమీద ఒక కార్డు కనిపించేది. అడ్డంగా 512 చుక్కలు, నిలువుగా 342. నలుపూ తెలుపూ తప్ప రంగులు లేవు. కార్డుమీద ఒక మీట బొమ్మ. దాన్ని నొక్కితే మరో కార్డు. అన్నీ కలిపి ఒక దొంతర.

ఇంతేనా అంటారేమో. ఇంతే కాదు. అందులో అయిదు మెట్లుండేవి. మొదటి మెట్టుమీద ఉన్నవాడు చదవగలడు, అంతే. రెండోదానిమీద కార్డులో అక్షరాలు రాయవచ్చును. మూడోదానిమీద బొమ్మ గీయవచ్చును. నాలుగోదానిమీద కొత్త మీటలూ, కొత్త కార్డులూ చేయవచ్చును. అయిదోదానిమీద, మీట నొక్కితే ఏం జరగాలో యంత్రానికి ఆజ్ఞ రాయవచ్చును. ఆ ఆజ్ఞల భాషను డాన్ వింక్లర్ కూర్చాడు. "తరువాతి కార్డుకు పో" అని మామూలు ఇంగ్లీషులో రాస్తే చాలు, యంత్రం పోయేది. ఒక మెట్టునుంచి మరో మెట్టెక్కడానికి పరీక్ష లేదు. చదివేవాడు ఎప్పుడు తలుచుకుంటే అప్పుడు రాసేవాడయ్యేవాడు.

దాంతో ఉపాధ్యాయులు పాఠాలు తయారుచేశారు. రాండ్ మిల్లర్, రాబిన్ మిల్లర్ అనే అన్నదమ్ములు 1988లో "ది మ్యాన్‌హోల్" అనే పిల్లల బొమ్మల లోకాన్ని తయారుచేశారు. అందులో గెలుపూ లేదు, ఓటమీ లేదు. ఊరికే తిరిగి చూడడమే! 1989లో రోజర్ వాగ్నర్ "హైపర్‌స్టూడియో" తెచ్చాడు. అది ఆపిల్ కంపెనీదే మరో ఇంటి కంప్యూటరు మీద, రంగులతో, ధ్వనితో పనిచేసేది.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. నేను పనిచేసిన ఒక బడికి మొదటిసారి కంప్యూటరు వచ్చింది. పాడైపోతుందని భయపడి, దానికి గుడ్డ కప్పి, గదికి తాళం వేసి, తాళంచెవి నా జేబులో వేసుకున్నాను. పిల్లలు కిటికీలోంచి చూసిపోయేవారు. అది పాడవలేదు, నిజమే. ఊరికే పాతబడిపోయింది. మొదటి మెట్టుమీదకైనా నా పిల్లలను నేను రానివ్వలేదన్నమాట!

హైపర్‌కార్డుకూ కష్టాలు వచ్చాయి. 1990 తరువాత కొత్త యంత్రాలతో ఊరికే ఇచ్చినది ముఖ్యంగా చూసేందుకే పనికివచ్చేది. చేయాలంటే వేరే కొనుక్కోవాలి. పైగా కార్డుల మధ్య దారులు ఒక యంత్రంలోంచి ఊరవతలి యంత్రంలోకి పోయేవి కావు. ఆ పని ఇంటర్నెట్టు చేసింది. 2004లో దాని అమ్మకం ఆపేశారు. ఎందరో పిల్లలు చేసిన దొంతరలు తెరిచేవారు లేక మూలపడ్డాయి. 2017లో ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే గ్రంథాలయంవారు పాతవాటిని పోగుచేసి, నేటి యంత్రాలలో చూసేట్టు పెట్టారు.

ఒక తమాషా మాత్రం బతికింది. వార్డ్ కనింగ్‌హామ్ అనే ఆయన చేసిన దొంతరలో, ఇంకా పుట్టని కార్డుకు దారి వేస్తే ఆ కార్డు అప్పటికప్పుడు పుట్టేది. అదే ఊహతో ఆయన 1995లో మొదటి "వికీ"ని కట్టాడు. ఎవరైనా రాయవచ్చును, ఎవరైనా దిద్దవచ్చును. మన తెలుగు వికీపీడియా 2003లో మొదలైంది. అది ఆ కార్డుకు మనుమరాలు వంటిది.

మళ్ళీ అరుగుమీదకు వద్దాం. సముద్రానికి దిగిన పిల్ల ఖాళీ ముక్క ఒకటి పట్టుకుని, "మేస్టారూ, మా ఊరి ఊట గురించి ఏ కార్డూ లేదేం?" అని అడిగింది. లేదు, రాయమన్నాను. రాసి, నన్నడగకుండానే నా రెండో కార్డుమీద "ఊట" అని చేర్చి, సున్నా చుట్టి 6 వేసింది. నా చక్కని దస్తూరి పాడయింది సుమా!

ఇప్పుడు మా దొంతరలో ముప్పై ఒక్క కార్డులున్నాయి. పదహారోది వలిసె పూల గురించి. చలికాలంలో లోయంతా పసుపు పరిచే ఆ కార్డుకు ఇంకా ఏ కార్డునుంచీ దారి లేదు. ఎక్కణ్ణుంచి వేయాలో మీకు తోస్తే, కార్డుముక్కమీద రాసి పంపండి.