శాపం ఎవరిని కాపాడింది?

ప్రేమ, పెళ్ళి, అధికారం మూడూ ముడిపడ్డ పాత కథ ఏదంటే మనలో చాలామందికి మొదట శకుంతలే గుర్తొస్తుంది. అదీ కాళిదాసు శకుంతల: దుర్వాసుడి శాపం, నీళ్ళలో జారిన ఉంగరం, చేప కడుపు. మహాభారతంలో ఇవేవీ లేవు. అక్కడ గాంధర్వ వివాహానికి ఒప్పుకునే ముందే, తనకు పుట్టే కొడుకుకే రాజ్యం దక్కాలని ఆమె షరతు పెడుతుంది. ఏళ్ళ తర్వాత కొడుకును వెంటబెట్టుకుని సభకు వెళ్తే దుష్యంతుడికి అంతా గుర్తుంది. గుర్తుండే, ఎరగనంటాడు. నన్నయ భారతంలో ఆ నిండు సభలో ఆమె సత్యం గొప్పతనం మీద చేసే వాదన మన పిల్లలు బళ్ళో కంఠస్థం చేసిందే. చివరికి అశరీరవాణి పలికాక, లోకం ఏమంటుందోనని అలా అన్నానంటాడు రాజు. లోకాపవాదం! రాజులకు ఎంత అనువైన మాట.

కాళిదాసు ఆ అబద్ధాన్ని మరపుగా మార్చి నాయకుణ్ణి గట్టెక్కించాడు. తెలియక మాత్రం కాదు. అయిదో అంకం మొదట్లోనే, రాజు ఒకప్పుడు వలచి వదిలేసిన హంసపదిక పాట తెర వెనక నుంచి వినిపిస్తుంది. ఆమెను మరవడానికి ఏ ముని శాపమూ అవసరం పడలేదు. ఆ పాటే లేకపోతే దుష్యంతుణ్ణి నేనూ క్షమించేవాణ్ణేమో.

ఈ సంచికలోకి వెళ్ళేముందు ఆదిపర్వంలోని శకుంతలోపాఖ్యానం మరోసారి చదవండి. మా మాట తప్పనిపిస్తే రాయండి, వేస్తాం.