శిశుపోషణము: పసిబిడ్డల ఉబ్బసము

తన నాలుగేండ్ల కుమార్తెకు జలుబు చేసినప్పుడెల్ల పిల్లికూతలు వచ్చుచున్నవనియు, ఒక డాక్టరుగారు ఉబ్బసమనగా మఱియొకరు ఇప్పుడే చెప్పజాలమనిరనియు, పరీక్షచేసి తేల్చరాదా యనియు ఒక సోదరి వ్రాసియున్నారు.

గొట్టములోనికి బలముగా ఊదించి ఊపిరిని కొలుచు పరీక్ష కలదు గాని, అయిదేండ్లలోపు బిడ్డలలో పెక్కుమంది చెప్పినట్లు ఊదజాలరు. ఎక్స్-రే ఇతర వ్యాధులను కనిపెట్టుటకే గాని ఉబ్బసమును తేల్చదు. కావున ఈ యీడున ముఖ్యాధారము తల్లి చెప్పు వృత్తాంతమే. "ఎప్పుడును దగ్గుచునే యుండును" అనిన చాలదు. జలుబు లేని దినములందును దగ్గునా? తెల్లవారుజామున దగ్గుతో మేల్కొనునా? పరుగెత్తినను, పకపక నవ్వినను ఆయాసము వచ్చునా? అగరువత్తుల పొగ, దోమల చుట్ట పొగ, తండ్రిగారి సిగరెట్టు పొగ (ఇది చెప్పుటకు మనవారు మొగమాటపడుదురు) తగిలిన హెచ్చునా? బిడ్డకు ఎగ్జిమా గాని, తల్లిదండ్రులలో నొకరికి ఉబ్బసము గాని కలదా? ఇవి తేదీలతో వ్రాసికొనవలెను. రాత్రి ఎగరోజిన బిడ్డ పగలు వైద్యుని యెదుట హాయిగా ఆడుకొనును. గొంతులోని కఫము గురగురలాడుటను పిల్లికూత యని భ్రమపడువారును కలరు. అందుచే ఆయాసము వచ్చినపుడు చొక్కా విప్పి, రొమ్ము కనబడునట్లును చప్పుడు వినబడునట్లును సెల్‌ఫోనులో ఒక నిమిషము చిత్రించి చూపుడు.

జలుబుతో మాత్రమే పిల్లికూతలు వచ్చు బిడ్డలలో అనేకులకు బడియీడు వచ్చుసరికి అవి తగ్గిపోవును. సందేహము తీరనిచో వైద్యులు రెండు మూడు నెలలు పీల్చుమందు నిచ్చి, గుణము కనబడునా, మానిన పిదప మరల వచ్చునా యని చూతురు. ఇదియు నొక పరీక్షయే. ఆ సోదరి యత్తగారు, ఆడపిల్లకు ఉబ్బసమను పేరు వచ్చిన రేపు సంబంధములు తప్పునని, పీల్చుమందును బీరువాలో దాచిరట! మందు ఊపిరితిత్తులకే నేరుగా పోవుటచే మోతాదు స్వల్పము. అలవాటు పడునను భయము వలదు. పేరు దాచినంతమాత్రమున రాత్రి దగ్గు ఆగునా?

ఆటలాడుచున్న బిడ్డకు హఠాత్తుగా దగ్గు, పిల్లికూత పుట్టిన, వేరుసెనగ గింజ వంటిది ఊపిరిగొట్టములో చిక్కెనేమో యని వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. డొక్కలు లోపలికి ఎగబీల్చుచున్నను, మాటాడలేకున్నను, పెదవులు నీలమైనను తెల్లవారువఱకు వేచియుండరాదు.