పిండం చేరుతుంది సరే.. అద్దె తల్లి ఏదీ?

షేక్‌పేట: చారిత్రక, జానపద చిత్రాలంటే ఫిలింనగర్‌కు గుర్రాలు కావాల్సిందే. ‘మగధీర’ (2009), ‘బాహుబలి’ (2015) వంటి చిత్రాల్లో కథానాయకుడితో పాటు గుర్రాలూ ప్రేక్షకులను ఆకట్టుకున్నాయి. కెమెరాకు, దీపాల వెలుగుకు, జనం కేకలకు బెదరని ఆడగుర్రాన్ని తయారు చేయాలంటే ఏళ్లు పడుతుంది. అది చూలు కడితే దాదాపు 11 నెలలు మోయాలి, ఆ తర్వాత పిల్లకు పాలివ్వాలి. పనిలో ఉన్న మేలైన గుర్రం నుంచి సంతతి పొందడానికి యజమానులు వెనుకాడేది ఇందుకే.

దీనికి పిండ మార్పిడి ఒక మార్గం. అండం విడుదలైన ఏడెనిమిది రోజులకు దాత గుర్రం గర్భాశయాన్ని ద్రావణంతో కడిగి, పిండాన్ని వెలికితీసి వేరే గుర్రంలో ప్రవేశపెడతారు. దాత వెంటనే పనిలోకి వెళ్లవచ్చు. రాజస్థాన్‌లోని బికనీర్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఈ పద్ధతిలో 2023లో ‘రాజ్-ప్రథమ’ అనే మార్వాడీ పిల్లను పుట్టించారు. 2024లో ఘనీభవింపజేసిన పిండం నుంచి ‘రాజ్-శీతల్’ పుట్టింది.

అయితే గుర్రపు పిండాన్ని గడ్డకట్టించడం అంత సులువు కాదు. పిండం చుట్టూ ఏర్పడే పొర వల్ల రక్షక రసాయనాలు లోపలికి సరిగా చేరవు. పిండం పెద్దదయ్యేకొద్దీ కష్టం పెరుగుతుంది. దీనికంటే తేలికైనది తాత్కాలిక శీతల నిల్వ. పోషక ద్రావణంలో ఉంచిన పిండాన్ని ప్రత్యేక పెట్టెలో నెమ్మదిగా 5 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరుస్తారు. 24 గంటల్లోగా మార్పిడి చేస్తే తాజా పిండంతో దాదాపు సమానమైన ఫలితాలు వస్తున్నట్లు విదేశాల్లోని అనుభవం చెబుతోంది. ఒక్కరోజు అంటే బికనీర్ నుంచి ఢిల్లీ మీదుగా శంషాబాద్ చేరడానికి చాలినంత వ్యవధి.

చిక్కు పెట్టెలో లేదు. దాతకు ఒకరోజు ముందు నుంచి మూడురోజుల తర్వాత వరకు అండం విడుదల చేసిన గుర్రమే అద్దె తల్లిగా పనికొస్తుంది. అది సరిపోలాలంటే ఒక్కో దాతకు రెండు మూడు గుర్రాలను సిద్ధంగా ఉంచి, తరచూ స్కానింగ్ చేయాలి. ఆవులా గుర్రం మందులతో ఎక్కువ పిండాలు ఇవ్వదు. ఒక ఋతుచక్రానికి సాధారణంగా ఒక్కటే. అది వృథా అయితే మూడువారాలు ఆగాల్సిందే. ఒక్క యజమాని ఇంత మందను పోషించలేడు. రాజేంద్రనగర్‌లోని పశువైద్య విశ్వవిద్యాలయం వంటి చోట ఉమ్మడి మంద ఉంటే తప్ప ఈ ప్రాంతంలో ఇది సాగదు.

మలక్‌పేట రేసుకోర్సులో పరుగెత్తే థొరోబ్రెడ్‌లకు ఈ దారే లేదు. సహజంగా దాటించగా పుట్టిన పిల్లనే ఆ జాతి నమోదులో చేరుస్తారు. మిగిలింది మార్వాడీ, కాఠియావాడీ వంటి దేశీ జాతులు. వాటికే అవసరమూ ఎక్కువ. 2012లో దేశంలో 6.25 లక్షలున్న గుర్రాలు, పోనీలు 2019 పశుగణనలో 3.4 లక్షలకు పడిపోయాయి. మార్వాడీ జాతివి 33 వేల పైచిలుకే.