రెండు డ్యూటీల కోచ్ మళ్లీ వద్దు: ఫుట్‌బాల్ సమాఖ్యకు పటాన్‌చెరు నుంచి బహిరంగ లేఖ

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షులు శ్రీ కల్యాణ్ చౌబే గారికి, కార్యవర్గ సభ్యులకు, సాంకేతిక కమిటీకి



పటాన్‌చెరు, సంగారెడ్డి చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసుకుంటూ ఫుట్‌బాల్‌ను ప్రాణంగా చూసుకునే వాళ్లలో నేనొకణ్ని. జాతీయ జట్టుకు ముఖ్య కోచ్‌ను మీరు ఎంచుకునే తీరు మీద మాకు గట్టి అభ్యంతరం ఉంది. ముఖ్యంగా 2024 జూలై 20న మీరు చేసిన నియామకం మీద. అది ముగిసిపోయిన వ్యవహారమని మీకు అనిపించవచ్చు. అలాంటి నియామకం ఇకమీదట జరగదని మీరు రాతపూర్వకంగా చెప్పేదాకా మా దృష్టిలో అది ముగియలేదు.

మా ప్రాంతాన్ని ఎవరూ ఫుట్‌బాల్ గడ్డ అనరు. ఇక్కడ కాస్త ఖాళీ జాగా కనబడితే పిల్లలు వికెట్లే పాతుతారు. అయినా పాశమైలారం, బొల్లారం, రుద్రారం, ఇస్నాపూర్‌లలో గదులు అద్దెకు తీసుకుని బతికే కార్మికుల్లో బెంగాల్, ఒడిశా, జార్ఖండ్, అస్సాంల నుంచి వచ్చినవాళ్లు చాలామంది. పొట్ట చేతబట్టుకుని వస్తూ తమ ఆటను కూడా వెంట తెచ్చుకున్నారు. కంది ఐఐటీలో దేశం నలుమూలల పిల్లలు చదువుతున్నారు. మాకందరికీ దగ్గర్లో ఉన్న పెద్ద మైదానం గచ్చిబౌలిలోని జీఎంసీ బాలయోగి స్టేడియం. షిఫ్ట్ దిగి లింగంపల్లి మీదుగా పోతే రాత్రి మ్యాచ్‌కు అందుకోవచ్చు.

ఆ స్టేడియాన్ని సొంతం చేసుకున్న జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ. దాన్ని నిలబెట్టిన కోచ్ మనోలో మార్క్వెజ్. 2020 ఆగస్టులో ఆయన బాధ్యత తీసుకునేనాటికి ఆ జట్టు తన మొదటి సీజన్‌లో పట్టిక అట్టడుగున మిగిలి ఉంది. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్లను నమ్మి ఆడించాడు. 2022 మార్చి 20న ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్‌తో స్కోరు సమమైంది. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లు ఆపాడు. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు తొలిసారి హైదరాబాద్‌కు వచ్చింది. ఆ స్పెయిన్ కోచ్‌ను మేము మా ఇంటివాడిగానే చూసుకున్నాం.

ఇప్పుడు ఆ క్లబ్ కూడా మాకు లేదు. జీతాల బకాయిలతో, ఆటగాళ్ల వలసతో కుంగిపోయి, 2025 అక్టోబరులో ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. మా స్టేడియంలో మాదని చెప్పుకోవడానికి ఇక మిగిలింది జాతీయ జట్టే. అందుకే ఆ జట్టు బాధ్యత ఎవరి చేతిలో, ఏ షరతుల మీద పెడుతున్నారో అడిగే హక్కు మాకు ఉందనుకుంటున్నాం.

2024 జూలైలో మీరు మనోలోను జాతీయ కోచ్‌గా ప్రకటించినప్పుడు మేము సంబరపడాలి. కానీ ప్రకటనలో ఇంకో ముక్క ఉంది: మొదటి ఏడాది ఆయన ఎఫ్‌సీ గోవా కోచ్‌గా కూడా కొనసాగుతాడు. దేశం జట్టు, క్లబ్ జట్టు రెండూ ఒకే మనిషికి. మా అభ్యంతరం అక్కడే మొదలైంది. మా అభిమాన కోచ్ కాబట్టి మీ నిర్ణయానికి తలూపే పని మేము చేయలేం. ఆయనంటే మాకున్న గౌరవం వల్లే ఆ షరతు మాకు మరింత బాధ కలిగించింది.

కోచ్‌గా ఆయన తొలి పరీక్ష మా కళ్లముందే జరిగింది. 2024 సెప్టెంబరు 3న గచ్చిబౌలిలో ఇంటర్‌కాంటినెంటల్ కప్. మారిషస్ మీద ఒక్క గోల్ కూడా కొట్టలేక 0-0. తొమ్మిదో తేదీన సిరియా చేతిలో 0-3. నవంబరు 18న అదే మైదానంలో మలేసియాతో 1-1. ఆయనకు ముందు కోచ్ అయిన ఇగోర్ స్టిమాచ్ హయాంలో ఆడినవి కూడా కలిపితే 2024లో భారత జట్టు ఆడిన పదకొండు మ్యాచ్‌ల్లో ఒక్కటీ గెలవలేదు. 2025 మార్చిలో నలభై ఏళ్ల సునీల్ ఛేత్రీ రిటైర్మెంట్ విరమించుకుని రావలసి వచ్చింది. మాల్దీవుల మీద 3-0 గెలుపు మినహా చెప్పుకోవడానికి ఏమీ లేదు. షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో 0-0. జూన్ 10న హాంకాంగ్‌లో చివరి క్షణాల పెనాల్టీతో ఓటమి. మొత్తం ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒక గెలుపు, నాలుగు డ్రాలు, మూడు ఓటములు. 2025 జూలై 2న ఆయన తప్పుకోవడానికి మీరు ఒప్పుకున్నారు.

అదే సీజన్‌లో ఎఫ్‌సీ గోవా ఐఎస్‌ఎల్ లీగ్ పట్టికలో రెండో స్థానంలో నిలిచింది. మే 3న సూపర్ కప్ గెలిచింది. అదే కోచ్, అదే ఏడాది. పని రాని మనిషి అయితే రెండుచోట్లా దెబ్బతినేవాడు. రోజూ శిక్షణ ఇచ్చిన జట్టు గెలిచింది, అప్పుడప్పుడూ కలుసుకున్న జట్టు తడబడింది. ఇంతకంటే వేరే సాక్ష్యం మీకెందుకు?

మా ఫ్యాక్టరీల సంగతి చెబుతాను. రియాక్టర్ నడుస్తున్న ప్లాంటుకు షిఫ్ట్ ఇన్‌చార్జి ఉంటాడు. ఆయన ఎంత అనుభవస్తుడైనా, ఎంత నిజాయితీపరుడైనా, పక్క ప్లాంటు కూడా నువ్వే చూసుకో అంటే కార్మికులు ఒప్పుకోరు. ఆయన మీద కోపంతో కాదు, ఒక మనిషి కళ్లు ఒకేసారి రెండు మీటర్ల మీద ఉండవని తెలిసి. మీరు ఒక మంచి కోచ్‌కు సరిగ్గా అలాంటి డ్యూటీ వేశారు. అది చాలదన్నట్టు ఆయన్ను అనుమానాల పాలు కూడా చేశారు. తన క్లబ్ ఆటగాణ్ని జాతీయ జట్టుకు ఎంచుకుంటే పక్షపాతమంటారు, వదిలేస్తే క్లబ్ కోసం దాచుకున్నాడంటారు. ఏం చేసినా నింద తప్పని చోట ఆయన్ను నిలబెట్టింది మీ నిర్ణయం.

ఆ నిర్ణయం ఎలా జరిగిందన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. మీకు సాంకేతిక కమిటీ ఉంది. ఐ.ఎం. విజయన్ లాంటి దిగ్గజం దానికి అధ్యక్షుడు. కోచ్ ఎంపికలో ఆ కమిటీని పక్కనపెట్టారంటూ, అందులో సభ్యుడైన బైచుంగ్ భూటియా రాజీనామా ప్రకటించాడు. దేశానికి కెప్టెన్‌గా ఆడిన మనిషి ఆ మాట అన్నాక మీరు వివరంగా జవాబు చెప్పాల్సింది. ఆ కమిటీ కూర్చుని ఉంటే, రెండు డ్యూటీల షరతు మీద ఒక్కరైనా చెయ్యెత్తి అడ్డు చెప్పేవారని మా నమ్మకం.

దానికి ముందు జరిగింది కూడా గుర్తుచేయాలి. ఇగోర్ స్టిమాచ్ ఒప్పందాన్ని 2023 అక్టోబరులో 2026 దాకా పొడిగించారు. 2024 మార్చిలో గువాహటిలో అఫ్గానిస్థాన్ చేతిలో 1-2తో ఓడినరోజు ప్రేక్షకులు స్టేడియంలోనే నిరసన తెలిపారు. జూన్ 17న ఆయన్ను తొలగించారు. ఒప్పందం మధ్యలో తెగినందుకు చివరికి నాలుగు లక్షల డాలర్లు, అంటే మూడు కోట్ల రూపాయలకు పైగా, చెల్లించి రాజీపడ్డారు. 2023 జూలైలో ఫిఫా ర్యాంకింగ్‌లో 99వ స్థానంలో ఉన్న జట్టు రెండేళ్లకు 133కు పడిపోయింది. తొందరపడి పొడిగించడం, తొందరపడి తీసేయడం, మళ్లీ తొందరపడి పెట్టుకోవడం: ఈ వరసలో డబ్బూ పోయింది, కాలమూ పోయింది.

అభిమానులు ఎదురుతిరిగితే ఏమవుతుందో అమెరికాలో ఒక ఉదాహరణ ఉంది. అక్కడి విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ వేరే ఆట, బంతిని చేత్తో పట్టి పరిగెత్తే ఆట. అయినా కోచ్ నియామకమంటే ఊళ్లకు ఊళ్లు కదులుతాయి. 2017 నవంబరు 26న టెన్నెస్సీ విశ్వవిద్యాలయం గ్రెగ్ షియానోను కోచ్‌గా తీసుకోబోతోందని తెలియగానే విద్యార్థులు, పూర్వ విద్యార్థులు, చట్టసభల సభ్యులు సైతం అభ్యంతరం చెప్పారు. ఆ రోజే ఒప్పందం ఆగిపోయింది. వారం తిరక్కుండా క్రీడల డైరెక్టర్‌ను పక్కకు తప్పించారు. అభిమానుల బలం అది. కానీ కథ అక్కడితో అయిపోలేదు. తర్వాత తెచ్చుకున్న జెరెమీ ప్రూయిట్‌ను, ఆటగాళ్లను చేర్చుకోవడంలో నిబంధనలు ఉల్లంఘించారన్న కారణంతో 2021 జనవరిలో తొలగించాల్సి వచ్చింది. మేము అందులోంచి నేర్చుకున్నది ఇదీ: చెడ్డ నియామకాన్ని ఆపే శక్తి అరుపులకు ఉంటుంది, మంచి కోచ్‌ను వెతికిపెట్టే శక్తి ఉండదు. వెతకడం మీ పనే. ఆ పని పద్ధతిగా, అందరికీ తెలిసేలా చేయమనే మేము అడుగుతున్నాం.

పద్ధతి ఎలా ఉండాలో మా హైదరాబాదే ఒకప్పుడు దేశానికి చూపించింది. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్ది 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిపించాడు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఆయన జట్టు స్వర్ణం తెచ్చింది. మరుసటేడే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తుగా ఓడింది. ఆనాటి సమాఖ్య ఆ ఒక్క ఓటమితో ఆయన్ను వదులుకోలేదు. ఆటగాళ్లకు బూట్లు తప్పనిసరి చేసి, లోపం ఎక్కడుందో అక్కడ సరిదిద్దింది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాపై 2-1తో మళ్లీ ఆసియా స్వర్ణం. అప్పటికే ఆయన క్యాన్సర్‌తో ఉన్నాడు, మరుసటి జూన్‌లో కన్నుమూశాడు. ఆయన తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మనకు దక్కలేదు. రహీం సాబ్‌కు దొరికినవి రెండు: పూర్తి బాధ్యత, తగినంత కాలం. మీరు మనోలోకు మొదటిది ఇవ్వలేదు. కాబట్టి రెండోది ఇచ్చే అవకాశమే రాలేదు.

మీరు సరిగ్గా చేసినదాన్ని కూడా చెప్పడం న్యాయం. 2025లో దరఖాస్తులు పిలిచారు. నూట డెబ్బై దాకా వచ్చాయి. సాంకేతిక కమిటీ ముగ్గురి పేర్లు ఖరారు చేసింది, ఆ పేర్లు జనానికి తెలిశాయి. ఆగస్టు 1న ఖాలిద్ జమీల్‌ను పూర్తికాలపు కోచ్‌గా ప్రకటించారు. చాలా ఏళ్ల తర్వాత ఒక భారతీయుడికి ఆ పదవి దక్కింది. ఆయన జట్టు మధ్య ఆసియా టోర్నీ అయిన సీఏఎఫ్‌ఏ నేషన్స్ కప్‌లో ఒమన్‌ను ఓడించి మూడో స్థానం తెచ్చింది. తర్వాత అక్టోబరు 14న సింగపూర్ చేతిలో సొంతగడ్డ మీద 1-2తో ఓడి, 2027 ఆసియా కప్ అవకాశం పోగొట్టుకుంది. బాధపడ్డాం. కానీ ఆ బాధలో తేడా ఉంది. పద్ధతిగా ఎంచుకున్న కోచ్ ఓడితే ఆ ఓటమిని అభిమానులు కూడా మోస్తారు. తలుపులు మూసుకుని ఎంచుకున్న కోచ్ ఓడితే, ఆ బరువు ఎంచుకున్నవాళ్లే మోయాలి.

అందుకే 2025లో పాటించిన పద్ధతి మీ దయ మీద కాకుండా నిబంధన మీద నడవాలని కోరుతున్నాం. సమాఖ్యకు ఇప్పుడు కొత్త నియమావళి ఉంది. మన తెలుగువారైన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు గారు దాని ముసాయిదా రాశారు, 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆమోదించింది. మాజీ ఆటగాళ్లు పదిహేను మందికి సర్వసభ్య మండలిలో చోటు దొరికింది. ఆ స్ఫూర్తితోనే మా కోరికలు ఇవి.

ఒకటి: జాతీయ ముఖ్య కోచ్, పురుషుల జట్టుకైనా మహిళల జట్టుకైనా, ఆ కాలంలో ఏ క్లబ్‌కూ పనిచేయకూడదని రాతపూర్వక నిబంధన పెట్టండి.

రెండు: సాంకేతిక కమిటీ సిఫారసు లేకుండా నియామకం చెల్లకూడదు. కమిటీ ఎవరిని ఎందుకు సూచించిందో, కార్యవర్గం దాన్ని కాదంటే ఎందుకు కాదందో ప్రకటించండి.

మూడు: ఒప్పందం ఎన్నేళ్లు, ఏ ఫలితాల మీద సమీక్ష, మధ్యలో తెగితే చెల్లింపు ఎంత అన్నది సంతకం రోజే చెప్పండి.

నాలుగు: జాతీయ జట్టు ఏ నగరంలో ఆడితే అక్కడ, మ్యాచ్‌కు ముందు, అభిమానులతో ఒక బహిరంగ సమావేశం పెట్టండి. మేము ఓటు అడగడం లేదు. మా ప్రశ్నకు ఎదురుగా కూర్చుని జవాబు చెప్పే మనిషిని అడుగుతున్నాం.

ఐదు: రేపటి కోచ్‌లను ఇక్కడే తయారుచేయండి. మా రాష్ట్రంలో 2024 డీఎస్సీలో 11,062 ఉపాధ్యాయ పోస్టులుంటే వాటిలో వ్యాయామ ఉపాధ్యాయుల (పీఈటీ) పోస్టులు 182. బడిలో ఆట నేర్పే మనిషే లేకపోతే ఇంకో రహీం ఎక్కణ్నుంచి వస్తాడు? కోచింగ్ లైసెన్సుల్లో తొలి మెట్లలో ఒకటైన డి-లైసెన్స్ కోర్సును సంగారెడ్డి జిల్లాలో, తెలుగులో, సెలవు రోజుల్లో పెట్టించండి. షిఫ్టుల్లో పనిచేసే యువకులు, బడుల్లో పనిచేసే ఉపాధ్యాయినులు నేర్చుకోవడానికి ముందుకొస్తారు.

చౌబే గారూ, మీరు స్వయంగా గోల్‌కీపర్‌గా ఆడినవారు. 2022 సెప్టెంబరులో మీరు గెలిచినప్పుడు, ఆడినవాడు అధ్యక్షుడయ్యాడని దేశమంతా చెప్పుకుంది. ముందున్న పది మంది ఎలా ఆడితే చివర నిలబడ్డవాడి మీద ఎంత భారం పడుతుందో మీకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఈ ఐదు కోరికల్లో దేన్ని ఒప్పుకుంటారో, దేన్ని ఎందుకు ఒప్పుకోరో మీ తదుపరి కార్యవర్గ సమావేశంలో చర్చించి ప్రజలకు చెప్పండి. కాదనే మాటైనా సరే, కారణంతో చెబితే వింటాం. గచ్చిబౌలిలో భారత జట్టు మళ్లీ ఆడినప్పుడు టికెట్ కొనుక్కుని వస్తాం, గొంతు పోయేదాకా జట్టు కోసం అరుస్తాం. నియామకం సరిగ్గా లేకపోతే అదే గొంతుతో మిమ్మల్నీ అడుగుతాం.

ఇట్లు,
పటాన్‌చెరు పారిశ్రామికవాడ నుంచి
ఒక ఫుట్‌బాల్ అభిమాని