ఘటోత్కచుడికి బూరెలు

సినిమాల గురించి రాసుకునేవాడికి వంటిల్లు ఎందుకయ్యా అని మీరడగొచ్చు. అడగండి, ఫరవాలేదు. మొన్న ఆదివారం తెనాలిలో మా అక్కయ్య ఇంట్లో కిలో శెనగపప్పు ఉడకేసి, రుబ్బి, కాగే నూనెలో పోసి బొగ్గు చేసిన ఘనుణ్ణి నేనే. ఎందుకు చేశానో వినండి మరి.

మా మేనకోడలికి ఎనిమిదేళ్ళు నిండాయి. పుట్టినరోజుకి ఏం కావాలే బుజ్జీ అంటే "చందమామ పార్టీ" అంది. మా నాన్నగారు ఏడాదికో సంపుటం చొప్పున బైండు చేయించి దాచిన చందమామలు ఆ ఇంట్లో ఒక బీరువా నిండా ఉన్నాయి. శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడు, శంకర్ గారి బొమ్మ, ఆ పిల్లకి మొహం తెలిసిన చుట్టంలాంటివాడు. చదివేది ఇంగ్లీషు మీడియం. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. అయినా ఆ బైండులు వదలదు. అర్థం కాని మాటలు తాతయ్య చెప్పేవాడు. ఆయన పోయి ఏడాది దాటింది.

బావగారు బేకరీకి ఫోన్ చెయ్యబోయారు. ఏదో కార్టూను బొమ్మ కేకుట. బుజ్జిది నా వైపు తిరిగి "కేకు ఏ కథలో ఉంది మావయ్యా?" అంది. దానికి మీ దగ్గర జవాబుందా? నా దగ్గర లేదు. రోషం వచ్చి, అన్నీ ఇంట్లోనే చేద్దాం, నేనున్నానుగా అన్నాను. అక్కడే దెబ్బతిన్నాను.

కథల్లోంచి తిండి ఏరడం మాత్రం సరదాగా సాగింది. కాకి ఎత్తుకుపోయిన గారెలు. కోతి పంచిపెట్టిన పిల్లుల రొట్టె. దానికి తక్కెడ కూడా పెట్టాలంది. ఏడు చేపల కథ కోసం మైదా పిండిలో ఉప్పూ వామూ కలిపి చేపల్లా కోసి వేయించడం. ఆరే వేయించాలిట! ఏడోది ఎండలేదు కాబట్టి పచ్చిగానే పళ్ళెంలో ఉండాలిట. ఇక చివరి విస్తరి ఘటోత్కచుడిది. మాయాబజార్‌లో ఎస్వీ రంగారావు గారు కూర్చున్న ఆ విందు! తెలుగువాడై పుట్టి, ఆ పళ్ళేలు చూసి ఆకలెయ్యనివాణ్ణి నేనింకా చూళ్ళేదు. లడ్డూలు వాటంతట అవే లేచి ఆయన నోట్లోకి వెళుతుంటే, మా బుజ్జిది టీవీ ముందు నోరు తెరుచుకుని కూర్చుంటుంది, ఒకటి తనవైపూ రాకపోతుందా అని.

కథల పుస్తకం పార్టీలోకి సినిమా ఎందుకొచ్చింది అంటారేమో. చందమామని 1947 జులైలో మొదలుపెట్టిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే విజయా వారు. పాతాళభైరవి (1951) తీసిందీ, మాయాబజార్ (1957) తీసిందీ వాళ్ళే. చక్రపాణి గారిది తెనాలే. చాలా ఏళ్ళు చందమామని నడిపిన కొడవటిగంటి కుటుంబరావు గారిదీ తెనాలే. పత్రిక ఆగిపోయి పదేళ్ళు దాటింది. మా అక్కయ్య ఇంట్లో మాత్రం ఆగలేదు.

సరే, బూరెల దగ్గరికి వద్దాం. మా ఇంట్లో బూరెలంటే అమ్మే. కానీ నాన్నగారు పోయిన దగ్గర్నుంచీ ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా అమ్మ వెనక గదిలోకి వెళ్ళిపోతుంది. "నేనెందుకురా నలుగురిలోకి? మీరు కానివ్వండి" అంటుంది. అక్కయ్య బతిమాలింది, కోప్పడింది, మానేసింది. దాంతో బాణలి ముందు నేను నిలబడాల్సొచ్చింది.

కిలో పప్పుకి కిలో బెల్లం. అంతవరకూ నాకూ తెలుసు. తోపుపిండికి ఒక గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసుల బియ్యం. అదీ తెలుసు. పూర్ణం దగ్గరపడాలనీ, బాగా చల్లారాలనీ మాత్రం తెలీదు. వేడి ఉండలు పల్చటి పిండిలో ముంచి వేశాను. మొదటిది విచ్చుకుంది. రెండోది విచ్చుకుంది. మూడోది టప్పున పేలింది. బెల్లం నూనెలోకి దిగి, వంటింటి నిండా పొగ.

వెనక గది తలుపు తెరుచుకుంది.

అమ్మ నన్నేమీ అనలేదు. స్టవ్ కట్టేసింది. నూనె వడగట్టింది. మిగిలిన పూర్ణాన్ని మళ్ళీ సన్నసెగ మీద తిప్పి, ఉండకి నిలిచేదాకా దగ్గరపెట్టి, పళ్ళెంలో ఆరబోసింది. తోపుపిండిలో రెండు గుప్పిళ్ళ బియ్యప్పిండి కలిపింది. వేలు ముంచి తీసి, వేలికి పట్టిన పిండి జారకుండా ఉండటం నాకు చూపించి, "ఇదిరా" అంది. ఆ తర్వాత ఒక్క బూరె విచ్చుకుంటే ఒట్టు.

నాలుగున్నరకి వీధిలో పిల్లల గోల వినపడింది. అమ్మ చేతులు కడుక్కుని మళ్ళీ గదిలోకి వెళ్ళబోయింది. బుజ్జిది అడ్డంగా నిలబడింది. శశిరేఖ వేషం. మామూలు శశిరేఖ కాదండోయ్, సావిత్రి గారు చేసిన మాయా శశిరేఖ. లోపల ఘటోత్కచుడన్నమాట. పొద్దుట్నుంచీ కాళ్ళు బాదుకుంటూనే నడుస్తోంది.

"అమ్మమ్మా, నువ్వు పేదరాశి పెద్దమ్మవి. ఊళ్ళోకొచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టాలి."

"నాకెందుకే తల్లీ ఇవన్నీ..."

"పేదరాశి పెద్దమ్మకీ తాతయ్య లేడుగా!"

అక్కయ్య చేతిలో గరిట ఆగిపోయింది. నేను పులిహోర వైపు చూస్తూ నిలబడ్డాను. అమ్మ మాత్రం పిల్ల మొహంలోకి అలా చూసింది, చాలాసేపు. తర్వాత కొంగు నడుముకి దోపి, "ఎంతమంది వస్తున్నారే?" అంది.

ఇరవై మంది వచ్చారు. అమ్మే వడ్డించింది. ఒకడు నేపాళ మాంత్రికుడిట, గడ్డం ఊడి పాయసంలో పడింది. తక్కెడ దగ్గర కోతి వేషం కుర్రాడు రొట్టె మొత్తం నిజంగానే తినేసి ఇద్దరు పిల్లుల్ని ఏడిపించాడు. పిల్లలు ఏడో చేప చుట్టూ మూగితే, అది ఎందుకెండలేదో అమ్మ చీమ దాకా చెప్పుకొచ్చింది. అది నాన్నగారు చెప్పే పద్ధతి. మధ్యలో ఆవు దగ్గర ఆయన దగ్గేవాడు. అమ్మా దగ్గింది.

మర్నాడు పొద్దున్న నా బస్సు టైముకి ముందే అమ్మ బాణలి పెట్టింది. ఫ్రిజ్‌లో మిగిలిన ఏడో చేపని వేయించి, కాఫీతో సగం నాకిచ్చి, సగం తను తింది. ఉప్పు తక్కువైందిట.