ఫిలిప్పీన్స్‌లో డాక్టర్ చదువు: ఫీజు కంటే ముందు చూడాల్సిన లెక్క

తిరుచానూరు నుంచి తిరుపతిలోని ఎస్వీ మెడికల్ కాలేజీ ఐదారు కిలోమీటర్లే. నీట్‌లో ర్యాంకు రాకపోతే మాత్రం ఆ దూరం సముద్రాలు దాటుతుంది. బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉన్నా సీట్లు తక్కువ, పిల్లలు ఎక్కువ. మేనేజ్‌మెంట్ కోటా ఫీజు మధ్యతరగతికి అందదు. అప్పుడు కన్సల్టెన్సీల వాళ్లు చెప్పే దేశాల్లో ఫిలిప్పీన్స్ ఒకటి. అక్కడి దవావో నగరంలో మన తెలుగు పిల్లలు ఏళ్లుగా చదువుతున్నారు.

"అంతా ఇంగ్లిష్‌లోనే" అన్న మాట అబద్ధం కాదు. 7,641 దీవుల ఆ దేశాన్ని స్పెయిన్ మూడు శతాబ్దాలకు పైగా పాలించింది. దేశం పేరు కూడా స్పెయిన్ రాజు రెండో ఫిలిప్‌దే. 1898లో అమెరికా చేతికి వెళ్లాక బడుల్లో ఇంగ్లిష్ వచ్చింది. 1946లో స్వాతంత్ర్యం వచ్చినా ఇంగ్లిష్ పోలేదు. ఇప్పుడు ఫిలిపినో, ఇంగ్లిష్ రెండూ అధికార భాషలే. కానీ దవావోలో జనం మాట్లాడేది ఎక్కువగా బిసాయా. పాఠం ఇంగ్లిష్‌లో విన్నా, రోగి నొప్పి ఎక్కడో తెలుసుకోవాలంటే ఆ భాష కొంచెమైనా రావాలి.

దవావో ఉన్నది మిండనావో దీవిలో. ఆ దక్షిణ ప్రాంతంలో స్పెయిన్ వాళ్లు రాకముందే ఇస్లాం ఉంది, సులూ సుల్తానేట్ ఉంది. 2019లో అక్కడి ముస్లింలకు బంగ్సామోరో స్వయంప్రతిపత్తి ప్రాంతం ఏర్పడింది. మసీదు, హలాల్ భోజనం దొరుకుతాయన్న ధైర్యం ఇంట్లో పెద్దలకు సహజం. కానీ దవావో నగరం ఆ స్వయంప్రతిపత్తి ప్రాంతంలో లేదు. పైగా ఆ ధైర్యం ఒక్కటే డిగ్రీకి గ్యారంటీ కాదు.

అసలు చిక్కు మన దేశ నిబంధనల్లో ఉంది. నేషనల్ మెడికల్ కమిషన్ 2021 నవంబర్ 18న కొత్త రూల్స్ తెచ్చింది. వాటి ప్రకారం విదేశీ మెడికల్ కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఆ దేశ పౌరులతో సమానంగా అక్కడే ప్రాక్టీస్ చేసే లైసెన్స్‌కు అర్హత ఉండాలి. తిరిగొచ్చాక ఇక్కడ మరో 12 నెలల ఇంటర్న్‌షిప్.

ఫిలిప్పీన్స్‌లో మొదట బీఎస్, ఆ తర్వాత ఎండీ. ఎండీ మామూలుగా నాలుగేళ్లు, అంటే 48 నెలలు. ముందు చదివే బీఎస్‌ను కమిషన్ మెడికల్ కోర్సు కింద లెక్కించదు. పేచీ అక్కడే మొదలైంది. రెండోది లైసెన్స్. అక్కడి 1959 మెడికల్ చట్టం విదేశీయులకు తలుపు తెరవాలంటే వాళ్ల దేశం కూడా ఫిలిపినోలకు అదే అవకాశం ఇవ్వాలని షరతు పెట్టింది. చట్టం మార్చే ప్రయత్నాలు జరిగాయి. అయితే "మారిపోతుంది" అన్న మాట మీద ఇంటి కాగితాలు తాకట్టు పెట్టకూడదు.

ఇంకో లెక్క కాలానిది. బీఎస్ దాదాపు రెండేళ్లు, ఎండీ నాలుగు, అక్కడొకటి, ఇక్కడొకటి. మొత్తం ఎనిమిదేళ్లు. మధ్యలో ఎఫ్‌ఎంజీఈలో 300 మార్కులకు 150 తెచ్చుకోవాలి.

అందుకే అడ్వాన్స్ కట్టకముందే కోర్సు నెలలు, ఇంటర్న్‌షిప్, లైసెన్స్ మూడింటికీ కాలేజీ నుంచి రాతపూర్వక జవాబు తీసుకోవాలి. దాన్ని కమిషన్ నిబంధనలతో పక్కపక్కనే పెట్టి చూడాలి. జవాబు కాగితం మీద రాకపోతే ఆ ఫీజు ఎంత తక్కువైనా నష్టమే.